ఒకే పడవలో ఇద్దరము

మేము భార్యాభర్తలము చేపలు పట్టే పోటీలకు వెళ్తామని చెబితే విన్నవారు మొదట నవ్వుతారు. "చేపలు పట్టడంలో పోటీ ఏమిటండీ? ఎవరి అదృష్టం వారిది గదా!" అంటారు. మా సంఘంలోని పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసినప్పుడెల్లా "పేతురుగారి బంధువులు వచ్చారు" అని పలకరిస్తారు. మేమూ నవ్వుతాము. అయితే ఈ తొమ్మిది వేసవులలో ఈ పోటీల వలన మేము నేర్చుకొన్న సంగతులు కొన్ని ఉన్నవి. పిల్లలు చదువులకు వెళ్లి ఇల్లు బోసిపోయిన దంపతులకు, ఇద్దరూ కలిసి ఏదైనా కొత్త పని మొదలుపెట్టాలని చూసేవారికి ఇవి పనికివస్తాయని తలచి వ్రాస్తున్నాము.

మేముండేది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము. ఇక్కడి బండ్ల నంబరు పలకల మీద "పదివేల సరస్సులు" అని ఉంటుంది. చలికాలంలో ఆ సరస్సుల మీద మంచు గడ్డకట్టి, దాని మీద మనుషులు నడుస్తారు, బండ్లు కూడా నడుపుతారు. మంచు కరిగి మే నెల వచ్చిందంటే రాష్ట్రమంతా ఒకే మాట: వాలై చేప. 1965లో దీనిని మిన్నెసోటా రాష్ట్రపు చేపగా ప్రకటించారు. పేరు వినడానికి మన వాలుగ చేపలా ఉంటుంది గాని దానికీ దీనికీ చుట్టరికం లేదు. మన వాలుగకు పొలుసులుండవు, మీసాలుంటాయి. వాలైకి పొలుసులున్నవి, వీపు మీద ముళ్ల రెక్క ఉన్నది, ఒళ్లంతా ఆకుపచ్చ కలిసిన బంగారు రంగు. కండ తెల్లగా ఉంటుంది, నీచు వాసన తక్కువ. పులుసులో ముక్క విరిగిపోతుంది గనుక మా ఇంట్లో ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేయిస్తాము.

ఈ చేప కన్నే దాని ప్రత్యేకత. పిల్లి కంటిలో ఉన్నట్లే దీని కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే ఒక పొర ఉన్నది. రాత్రివేళ దీపం చూపితే కన్ను తెల్లగా మెరుస్తుంది. ఆ పొర వలన మసక వెలుతురులో ఇది ఇతర చేపల కంటె బాగా చూస్తుంది. అందుకే తెల్లవారుజామున, మునిమాపున, మబ్బు పట్టినప్పుడు మేతకు కదులుతుంది. గాలి వీచి నీరు అలలెత్తితే లోపలికి వెలుతురు తగ్గుతుంది గనుక పట్టపగలు కూడా ఎర పట్టుతుంది. ఇక్కడి జాలరులు అద్దంలా నిశ్చలంగా ఉన్న నీటిని చూస్తే పెదవి విరుస్తారు. అలలు లేస్తే సంతోషిస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉన్నది.

మా ఇద్దరిలో ఆయనది వరంగల్లు వైపు చెరువు కింది ఊరు. చిన్నతనంలో వెదురు బద్దకు దారం కట్టి, జీలుగు బెండు వేసి, వానపాము గుచ్చి కట్ట మీద కూర్చున్న మనిషి. ఆమెది దివిసీమ, అవనిగడ్డకు దిగువన. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ఆరేండ్లు. ఆ ఒక్కరోజున వేలమంది పోయారు. ఆమె తాతగారింటిలో నలుగురు పోయారు. ఆమె ఆ పూట మేడ ఉన్న వేరే ఇంట్లో ఉండి బ్రతికింది. ఆ తరువాత కృష్ణ దాటవలసివచ్చినా పడవ ఎక్కేది కాదు. చుట్టు తిరిగి బస్సులో వెళ్లేవారు. మిన్నెసోటాకు వచ్చి ఇరవై ఏండ్లయినా ఆమె సరస్సులను ఒడ్డు నుండి చూసిందే గాని నీటి మీదికి వెళ్లలేదు.

2016లో మా చిన్నవాడు కాలేజీకి వెళ్లిపోయాడు. సాయంత్రాలు ఇద్దరము ఎదురెదురుగా కూర్చుండి టీవీ చూడడమే పనైంది. ఆ మరుసటి వేసవిలో మా పక్కింటి ముసలాయన, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు, సరస్సులోనికి కట్టిన చెక్క వంతెన మీదికి మమ్మల్ని తీసుకొని వెళ్లాడు. గాలానికి జలగను గుచ్చి, బెండు వేసి మా చేతికిచ్చాడు. పొద్దు కుంకిన తరువాత ఆమె బెండు మునిగింది. పైకి లాగితే 17 అంగుళాల వాలై. ఆ రాత్రి ఇంటికి వచ్చి పదకొండు వరకు దాని గురించే మాట్లాడుకొన్నాము. అంతసేపు ఇద్దరము మాట్లాడుకొని ఎంతకాలమైందో మాకే తెలియదు.

పంతులుగారే మాకు మంగళవారపు లీగు గురించి చెప్పాడు. వారానికొకసారి, ఇద్దరిద్దరు ఒక పడవ చొప్పున, సాయంత్రం మూడు గంటలసేపు పోటీ. అయితే పడవ ఎక్కాలి. ఆమె నాలుగు రోజులు ఏమీ అనలేదు. ఐదవనాడు రెండు షరతులు పెట్టింది. ఒకటి, ఒడ్డు వదిలినది మొదలు ఒడ్డు చేరేవరకు లైఫ్ జాకెట్టు విప్పకూడదు. రెండు, ఇద్దరిలో ఎవరు "వెళ్దాం" అన్నా రెండవవారు మారు మాటాడకుండా పడవ తిప్పాలి. ఎందుకని అడగకూడదు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ మాట ఎత్తి దెప్పకూడదు. ఆయన సరేనన్నాడు. 17 అడుగుల పాత అల్యూమినియం పడవ ఒకటి కొన్నాము.

ఈ పోటీలు ఎట్లా జరుగుతాయో చెప్పుదుము. స్థాయిలు చాలా ఉన్నవి. ఊరి లీగులు అన్నిటికంటె చిన్నవి. ఇద్దరు కలిసి జట్టుగా ఆడే పెద్ద పోటీలున్నవి. మాస్టర్స్ వాలై సర్క్యూట్ 1984 నుండి ఈ పద్ధతిలోనే నడుస్తున్నది. నేషనల్ వాలై టూర్‌లో మరొక పద్ధతి: ఆరితేరిన జాలరి తన పడవతో వస్తాడు, పడవ లేనివారు రుసుము కట్టి చేరితే చీటీ వేసి ఆ పడవలో కూర్చోబెడతారు. ఇద్దరూ ఒకరితో ఒకరు పోటీపడరు, కలిసి పట్టుతారు. పడవ కొనడానికి ముందే నేర్చుకోవాలనుకొనేవారికి ఇంతకంటె మంచి బడి లేదు. ఇప్పటి పోటీ పడవలు చాలా ఖరీదైనవి గనుక మొదటనే పడవ కొరకు అప్పు చేయవద్దని మా మనవి.

పోటీకి ముందు రోజు నియమాల సమావేశము ఉంటుంది. దానికి రానివారిని సాధారణంగా పోటీకి రానివ్వరు. ఉదయం పడవలోని నీటి తొట్టిని తెరిచి ఖాళీగా ఉన్నదో లేదో చూస్తారు. వరుస నంబరు ప్రకారం పడవలను వదులుతారు. చెప్పిన సమయానికి తిరిగి రావాలి. ఆలస్యమైతే నిమిషాల లెక్కన తూకం తగ్గిస్తారు, మరీ ఆలస్యమైతే లెక్కలోనికే తీసుకోరు. ఎక్కువ పోటీలలో ఐదు పెద్ద చేపలు లెక్క. కొన్నిచోట్ల చేపలను ప్రాణంతో ఒడ్డుకు తెచ్చి తూస్తారు. కొన్నిచోట్ల కొలతపలక మీద పెట్టి, మూతి పలకకు ఆనించి, ఫోటో తీసి అక్కడికక్కడే నీటిలో వదలుతారు. పొడవును బట్టి బరువు లెక్కకడతారు. మాకు ఈ రెండవ పద్ధతే ఇష్టము. లోతు నీటి నుండి, ముప్పై అడుగులకు మించిన చోటి నుండి లాగిన చేపకు లోపలి గాలి తిత్తి ఉబ్బి ఇబ్బందిపడుతుంది. అట్టిదానిని రోజంతా తొట్టిలో ఉంచితే బ్రతకకపోవచ్చును.

ఇక పట్టే విధానము. మొదలుపెట్టేవారు మూడు పద్ధతులు చక్కగా నేర్చుకొంటే చాలును. మొదటిది, జిగ్గు: గాలానికే సీసపు తల పోసి ఉంటుంది; దానికి చిన్న చేపను గుచ్చి అడుగుకు తాకించి లేపుతూ ఉండడము. రెండవది, 1960లలో లిండ్నర్ సోదరులు ప్రసిద్ధి చేసిన లిండీ రిగ్: దారం మీద జారే సీసపు గుండు, దానికి నాలుగైదు అడుగుల వెనుక గాలము, దానికి జలగ లేక వానపాము. చేప ఎర పట్టగానే లాగకూడదు. దారం వదలాలి; గుండు జారుతుంది గనుక చేపకు బరువు తెలియదు. నెమ్మదిగా లెక్కపెట్టి అప్పుడు లాగాలి. మూడవది, చిన్న చేప ఆకారంలో చేసిన ఎరలను పడవ వెనుక ఈడ్చుకొంటూ పోవడము. ఈరీ వంటి విశాలమైన సరస్సులలో ఇదే ముఖ్యము. సోనార్ తెర మీద చేపలు కనబడినంత మాత్రాన గాలానికి పడవు. పడవను గాలికి కొట్టుకుపోకుండా కావలసిన చోట, కావలసినంత మెల్లగా నడపడమే సగం విద్య.

మొదటి వేసవిలో మా లీగులో 22 పడవలుండగా మేము 21వ వారిగా వచ్చాము. 22వ వారు మధ్యలో ఊరు మారి వెళ్లినవారు. అయినా ఒక పుస్తకం పెట్టి ప్రతి మంగళవారము వ్రాసుకొన్నాము: నీటి వేడి ఎంత, గాలి ఏ దిక్కు, ఎన్ని అడుగుల లోతు, ఏ ఎర, ఏ వేళ. మూడవ వేసవికి ఆ పుస్తకమే మా గురువైంది. ఆ యేడు ఏడవ స్థానం వచ్చింది.

డబ్బు సంగతి దాచవలసిన పని లేదు. తొమ్మిది వేసవులలో మాకు వచ్చిన బహుమానాలన్నీ కలిపి 640 డాలర్లు. ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కనుక ఆదాయం కొరకు ఈ దారికి రావద్దు. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, సంఘానికి ఇవ్వవలసినవి పోగా మిగిలినదానిలో ఇంత అని జనవరిలోనే ఒక కవరులో పెడతాము. కవరు ఖాళీ అయితే ఆ యేటికి పోటీలు ముగిసినట్లే. ఆదివారం ఆరాధన మానకూడదని నిశ్చయించుకొన్నాము గనుక శనివారం ఒక్కరోజులో ముగిసేవే ఎంచుకొంటాము. వాటికే తీరిక చాలడం లేదు.

నిజాయితీ గురించి ఒక మాట. 2022 సెప్టెంబరు 30న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లండ్‌లో ఈరీ సరస్సు పోటీ ఒకటి ముగిసింది. మొదటివారిగా వచ్చిన ఇద్దరి చేపలు చూపుకు చిన్నవి, తూకానికి పెద్దవి. అనుమానించి పొట్ట చీలిస్తే సీసపు గుండ్లు, ఇతర చేపల కండ ముక్కలు బయటపడ్డాయి. బహుమానం 28,000 డాలర్ల పైచిలుకు. మరుసటి సంవత్సరం వారిద్దరూ కోర్టులో నేరం ఒప్పుకొన్నారు. పది రోజుల జైలు, జరిమానా పడింది, చేపలు పట్టే లైసెన్సు మూడేండ్లు నిలిపివేశారు, పడవ కూడా పోయింది. ఆ వార్త వచ్చిన వారమంతా మా లీగులో ఎవరూ ఎవరి ముఖం సరిగా చూడలేదు. చాలా పోటీలలో గెలిచినవారికి పాలీగ్రాఫ్ పరీక్ష పెట్టే ఆచారం ముందునుండే ఉన్నది. కాని ఏ యంత్రమూ ప్రతి పడవలోనికి రాదు. ఈ ఆట అంతా సరస్సు నడిమధ్య, ఎవరూ చూడని చోట ఆడేది. అక్కడ పడవలోని రెండవ మనిషే సాక్షి.

ఇప్పుడు 2022 జూన్ నెలలో జరిగిన ఒక పోటీ సంగతి చెప్పాలి. మినియాపోలిస్‌కు సుమారు వంద మైళ్ల ఉత్తరాన మిల్లాక్స్ అనే సరస్సు ఉన్నది. 1,32,000 ఎకరాల నీరు. ఒక గట్టున నిలబడితే ఎదుటి గట్టు కనబడదు. ఇది ఒజిబ్వే ప్రజల పూర్వికుల నీరు. వారి భాషలో వాలైని "ఒగా" అంటారు. 1837 నాటి ఒప్పందం ప్రకారం అక్కడ వేటాడి చేపలు పట్టుకొనే హక్కు వారికి ఇంకా ఉన్నదని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంత విశాలమైనా ఆ సరస్సు లోతు తక్కువ, అధికమైన చోట 42 అడుగులే. అందుచేత గాలి లేచిందంటే అలలు దగ్గర దగ్గరగా, నిట్టనిలువుగా లేస్తాయి. పెద్ద పడవలవారు కూడా ఆ సరస్సుకు భయపడతారు.

ఆ శనివారము 48 పడవలు. ఫోటో తీసి వదిలే పోటీ. పన్నెండవ స్థానం వరకు బహుమానము. మేము రేవుకు ఆరు మైళ్ల దూరాన నీటి అడుగున ఉన్న బురద దిబ్బ మీద లిండీ రిగ్‌తో జలగలను ఈడ్చుతున్నాము. పది గంటలకు మా పలక మీద నాలుగు మంచి చేపలు పడినవి. ఐదవది 20 అంగుళాలది ఒకటి పడితే బహుమానం వరుసలో ఉంటాము. అప్పుడే గాలి వాయవ్యానికి తిరిగింది. అరగంటలో అలల తలలు తెల్లబడినవి. ముందు చెప్పినట్లు, అలలు లేస్తే వాలై మేతకు లేస్తుంది. చుట్టుపక్కల పడవలలో కేకలు, వలగరిటెలు నీటిలోనికి దిగుతున్నవి. ఆయన దారం చివర కూడా చేప తడుముతున్నది.

ఆమె, "ఏమండీ, వెళ్దాం" అన్నది.

ఆయన దారం చుట్టాడు. ఒక్క మాట అనలేదు. ఇంజను ఆపుచేసే తాడు నడుముకు తగిలించుకొని (2021 నుండి చిన్న పడవలు నడిపేవారికి ఇది చట్టము) పడవను రేవు వైపు తిప్పాడు. ఆరు మైళ్లు రావడానికి గంట పట్టింది. ఇద్దరమూ తడిసిపోయాము. ఒడ్డుకు చేరినప్పుడు పన్నెండు కాలేదు. పోటీ మూడింటి వరకు ఉన్నది.

ఆ రోజు ఎవరికీ ఏ ఆపదా జరగలేదు. ఒంటిగంటకు గాలి తగ్గింది. తక్కిన పడవలన్నీ క్షేమంగా తిరిగివచ్చాయి. గెలిచినవారు తమ పెద్ద చేపను ఆ గాలిలోనే పట్టారు. మేము 31వ వారము.

ఇంటికి వచ్చే దారిలో ఆమె అడిగింది: "నేను అనకపోతే మీరు ఉండేవారా?"

"ఉండేవాణ్ణి."

"మరి ఎందుకు వచ్చేశారు?"

"అనుకొన్న మాట గదా."

చాలా దూరం వచ్చిన తరువాత ఆమె చెప్పింది. పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లకు మొదటిసారి చెప్పింది. ఉప్పెన నాడు ఉదయంనుండి గాలి ముదురుతుంటే అమ్మమ్మ తాతగారిని బ్రతిమాలిందట: "పిల్లలను తీసుకొని మేడ ఇంటికి పోదాం" అని. తాతగారు, "ఎన్ని గాలివానలు చూడలేదు, కూర్చో" అన్నారట. అమ్మమ్మ మనవరాలిని మాత్రం ఎవరితోనో మేడ ఇంటికి పంపించి, తాను భర్తను విడిచి రాలేక ఆ ఇంట్లోనే ఉండిపోయింది. "మా అమ్మమ్మ మాట విని తాత లేచి ఉంటే..." అని ఆమె ఆపేసింది. ఆయన బండి పక్కకు ఆపాడు. కొంతసేపు అక్కడే కూర్చున్నాము.

పడవ ఎక్కేముందు పెట్టిన ఆ రెండవ షరతు ఎక్కడినుండి వచ్చిందో ఆ సాయంత్రము ఇద్దరికీ అర్థమైంది. ఆమె నీటికి భయపడుతున్నదని మేమనుకొన్నాము. ఆమె భయం నీటి గురించి మాత్రమే కాదు. చెప్పిన మాట వినేవారుండరేమోననే భయము. ఆ రోజు ఆయన కోల్పోయినది ఒక చేప. బహుమానం వచ్చి ఉంటే ఇప్పటికి ఖర్చయిపోయి ఉండేది. ఆమె అడగకుండానే తిరిగే మనిషి తన పక్కన ఉన్నాడనే ధైర్యం మాత్రం నిలిచింది. మరుసటి వేసవిలో ఆమె ఇంజను దగ్గర కూర్చుండి, "నేర్పండి" అన్నది. ఇప్పుడు గాలి ఉన్న రోజున పడవ నడిపేది ఆమెయే. అలకు ఎదురుగా ఏ కోణాన వెళ్లాలో ఆమెకు తెలిసినట్టు ఆయనకు తెలియదు. "వెళ్దాం" అనే మాట తరువాత రెండుసార్లు వచ్చింది. ఒకసారి అన్నది ఆయనే. ఆమె వెంటనే తిప్పింది.

ప్రియ చదువరులారా, ఈ ఆటలోనికి రాదలచినవారికి మా సలహాలు కొద్దివే. ముందు ఒడ్డు నుండి, బెండుతో మొదలుపెట్టండి. ఎరిగినవారి పడవలో ఒక వేసవి కూర్చోండి. మీ రాష్ట్రపు నియమాల పుస్తకాన్ని ప్రతి సంవత్సరం కొత్తగా చదవండి. ఎన్ని చేపలు, ఎంత పొడవు అనేది సరస్సు సరస్సుకూ మారుతుంది. రేవు విడిచేముందు పడవ అడుగు బిరడా తీసి నీరంతా వదలండి, నాచు తుడవండి. జీబ్రా ఆల్చిప్పలు ఒక సరస్సు నుండి మరొక దానికి పడవల వెంట పోకుండా ఇక్కడ చట్టమే ఉన్నది. వదిలే చేపను తడిచేతితో పట్టుకొనండి. పుస్తకం వ్రాసుకోండి.

జట్టుగా వెళ్లేవారు, భార్యాభర్తలైనా, తండ్రీకొడుకులైనా, అన్నదమ్ములైనా, ఎర కొనకముందే ఒక మాట అనుకోండి: ఎవరు "వెళ్దాం" అంటే వారి మాటే చెల్లును. అది గాలి లేనప్పుడు, ఒడ్డు మీద ఉండగా అనుకోవలసిన మాట. గాలి లేచిన తరువాత అనుకోవడానికి తీరిక ఉండదు.